ఎరుపు పడని దీపం

మా అన్న అగ్గిపెట్టెల మీది బొమ్మలు పోగుచేసేవాడని చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి, ఆ రోజుల్లో మార్కాపురంలోనూ నవ్వారు. మా నాయనకు బజారులో దుకాణం ఉండేది. బెల్లం, కిరసనాయిలు, బీడీలతో పాటు అగ్గిపెట్టెలు కూడా అమ్మేవాడు. అగ్గిపెట్టెలు అమ్మేవాడి కొడుకు ఖాళీ అగ్గిపెట్టెల కోసం దేవులాడడమేమిటని అందరికీ వేళాకోళంగా ఉండేది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అన్న చేసే పనికంటే గొప్ప పని ఇంకొకటి ఉంటుందని నాకు తోచేది కాదు.

అందరి దగ్గరా దొరికే బొమ్మలు అన్నకు అక్కర్లేదు. అచ్చు తప్పిన బొమ్మలు కావాలి. ఆ కాగితాల మీద ఒక్కో రంగు ఒక్కోసారి విడిగా అచ్చు వేస్తారట. కాగితం రవ్వంత జరిగితే చిలక ఒకచోట, దాని పచ్చరంగు మరోచోట పడతాయి. అన్న దగ్గర అలాంటి చిలక ఒకటి, రెండుసార్లు అచ్చుపడి రెండు తలలొచ్చిన కోడి ఒకటి ఉండేవి. అచ్చయిన కాగితం కత్తిరించేవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ, గీత తప్పి కోయడంతో ఒక బొమ్మలో పులి కాళ్ళు పైనా తల కిందా వచ్చాయి. ఒకే రకం జింకలు రెండు పక్కపక్కన పెట్టి తేడా ఏమిటో చెప్పమనేవాడు. నేను కళ్ళు పీక్కుని చూసి చూసి, తోక అనేదాన్ని. తోక కాదు, చెవి. ఎప్పుడూ నేను ఓడిపోయేదాన్నే, అయినా మళ్ళీ అడగమని వేధించేదాన్ని.

ఖాళీ పెట్టెను నీళ్ళగిన్నెలో నానేస్తే కాసేపటికి బొమ్మ ఊడి పైకి తేలుతుంది. దాన్ని గుడ్డ మీద ఆరబెట్టి, రెండు రాతిపలకల మధ్య అదిమిపెట్టేవాడు. బడిపిల్లల పలకలు తయారయ్యే ఊరు మాది, వాటికి కొదవేముంది. ఇంకా చట్రం బిగించని పలకలు రెండు, బాగా బరువైనవి, నాయన తెచ్చిచ్చాడు. ఒక రాత్రి వాటి మధ్య ఉంటే ఎంత ముడతలు పడిన బొమ్మయినా ఇస్త్రీ చేసినట్టు వచ్చేది. అప్పుడు దాని వెనక పెన్సిలుతో మూడు ముక్కలు రాసేవాడు. ఎక్కడిది, ఎవరిచ్చారు, తప్పేమిటి. తానే కుట్టుకున్న అట్టల పుస్తకంలో గాట్లు పెట్టి మూలలు దోపేవాడు. జిగురు పూయనిచ్చేవాడు కాదు. పూస్తే వెనక రాసింది కనపడదు కదా అనేవాడు.

పదహారో ఏట అన్నకు దగ్గు పట్టుకుంది. మొదట జలుబన్నారు, తర్వాత దిష్టి అన్నారు, చివరికి డాక్టరు క్షయ అన్నాడు. బడి మానిపించారు. మంచం పెరటి వైపు వసారాలోకి వెళ్ళింది. కంచం, చెంబు, గ్లాసు వేరయ్యాయి. రోజూ వచ్చే స్నేహితులు రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి వచ్చి, ఆ తర్వాత రావడం మానేశారు. వాళ్ళ మీద నాకు ఈ వయసులో కూడా కోపం పోలేదు. నన్ను గడప దాటవద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. నేను ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి, ఒట్టు నిలబెట్టుకున్నానని చెప్పుకునేదాన్ని.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. మాది కర్నూలు జిల్లా, రాజధాని కూడా కర్నూలే. సూదిమందు కోసం నాయన అక్కడికి పోయేవాడు. వచ్చి, అక్కడ గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టారనీ, ఆఫీసర్లు ఎండకు మాడుతున్నారనీ కథలు చెప్పి అన్నను నవ్వించబోయేవాడు. అన్న నాయన కోసం నవ్వేవాడు. తర్వాత నెమ్మదిగా, దారిలో అగ్గిపెట్టెలేమైనా దొరికినాయా అని అడిగేవాడు. నాయన జేబులోంచి మూడో నాలుగో తీసి గడప మీద పెట్టేవాడు. రైలు ప్లాట్‌ఫారాల మీద వంగి ఖాళీ పెట్టెలు ఏరుకున్నానని ఆయన బజారులో ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ ప్రయాణాల్లోనే గిద్దలూరు స్టేషనులో టికెట్లిచ్చే గుమాస్తా ఒకాయన పరిచయమయ్యాడు. నాయన వంగి పెట్టె తీస్తుంటే చూసి, అది తనకిస్తారా అని అడిగాడట. ఆయనకూ ఇదే పిచ్చి. నాయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇంట్లో కూడా మీలాంటివాడు ఒకడున్నాడు సార్ అని చెప్పాడు. అప్పటినుంచి ఆయన కార్డులు రాసేవాడు, అన్న జవాబులు రాసేవాడు. ఏ బొమ్మలో ఏ తప్పు, ఏ రంగు ముందు వేస్తారు, ఏది వెనక అని ఇద్దరూ రాసుకునేవారు. పోస్టుమాన్ కార్డును దుకాణంలో ఇచ్చేవాడు. అది అన్న చేతికి వచ్చేలోగా అక్కడ బెల్లం కొనేవాళ్ళు, ఊరికే కూర్చునేవాళ్ళు అందరూ చదివేవారు. కార్డంటే అంతే కదా, విప్పి ఉన్న ఉత్తరం.

ఇక ఆ దీపం సంగతి. తర్లుపాడు దగ్గర పలకరాతి గనిలో కూలికి పోయే ఒకామె సంతరోజు మా దుకాణానికి వచ్చేది. ఆదివారం ప్రార్థన తప్పకుండా చేసే క్రైస్తవుల ఇంటి మనిషి. గనిలో తూటా వత్తికి నిప్పు పెట్టడానికి వాడి పారేసిన అగ్గిపెట్టెలు ఏరి, కొంగున కట్టుకొని తెచ్చేది. అందరూ గడప దగ్గరే పెట్టి పోతే, ఆమె పెరట్లోంచి వచ్చి తిన్నగా అన్న చేతిలో పెట్టేది. అన్న ఆమెను అక్కా అని పిలిచేవాడు. దూరంగా ఉండక్కా అంటే, రాళ్ళ దుమ్ము మింగేదాన్ని, నాకేమైతాదిలే నాయనా అనేది. ఒక సంతరోజు ఆమె తెచ్చిన వాటిలో దీపం గుర్తు పెట్టె ఒకటి ఉంది.

దీపం గుర్తు అందరికీ తెలిసిందే, మా దుకాణంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది. పసుపు కాగితం మీద నల్లటి ప్రమిద, దానిపైన ఎర్రటి మంట. ఆమె తెచ్చిన దాంట్లో ప్రమిద ఉంది, వత్తి ఉంది, మంట లేదు. ఎరుపు అసలు పడనే లేదు. అన్న దాన్ని వెలుగుకు పట్టుకొని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నన్ను పిలిచి, ఈసారి నేను అడగకముందే తేడా తనే చెప్పాడు. జబ్బు పడ్డాక అన్న ముఖం అలా వెలగడం నేను చూడలేదు.

వెంటనే గిద్దలూరుకు కార్డు రాశాడు. వారానికి జవాబు వచ్చింది. అలాంటిది ఉండదని గుమాస్తా రాశాడు. ఆ బొమ్మకు ఎరుపే ముందు వేస్తారు, ఎరుపు పడని కాగితాన్ని అక్కడే తీసి పారేస్తారు, అది నలుపు దాకా పోదు, పొరపాటు పడి ఉంటారు అని. ఆ కార్డు కూడా దుకాణంలో అందరూ చదివారు. లేని బొమ్మ ఉందంటాడు పాపం, జ్వరం తలకెక్కిందేమో అన్నారు. ఆ మాట ఎవరో పెరటిగోడ అవతల నిలబడి అంటుంటే అన్న విన్నాడు. మళ్ళీ కార్డు రాశాడు. నా దగ్గర ఉంది, వచ్చి చూసుకోండి అని. సెలవు దొరకగానే వస్తానని ఆయన రాశాడు. అప్పటినుంచి అన్నకు ఒకటే ఎదురుచూపు. మంచానికి అంటుకుపోయిన పిల్లవాడి మాట నిజమని ఊరివాళ్ళ ముందు ఒక్కరైనా, పైగా ఆ సంగతులు తెలిసినవాడు, చెప్పాలి. అంతకుమించి వాడు ఏమీ కోరలేదు.

మా అమ్మకు ఆ బొమ్మ గిట్టలేదు. మా ఇళ్ళల్లో దీపం ఆరిందని నోటితో అనరు, కొండెక్కింది అంటారు. సాయంత్రం దీపం పెట్టాక గాలికి అది రెపరెపలాడితే అమ్మ పరుగెత్తుకొని వచ్చి చెయ్యి అడ్డం పెట్టేది. అలాంటి మనిషికి ఈ బొమ్మ చూపించాడు మా అన్న, మెచ్చుకుంటుందని.

"ఇంట్లో మనిషి మంచాన ఉండంగ, ఈ కొండెక్కిన దీపమేంది రా? పారెయ్ దాన్ని" అంది.

అన్న నవ్వి, పుస్తకంలో దోపుకున్నాడు. అమ్మ రెండోసారి అనలేదు. కానీ ఆ రోజు వంటింట్లో కూర్చొని చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. నేను చూశాను. తర్వాత నాలుగు రోజులకు అన్న దగ్గితే తువ్వాలంతా నెత్తురైంది. ఇంకేముంది, నా బుర్రలో రెండూ ఒకటిగా ముడిపడ్డాయి. ఆ దీపంలో మంట లేనన్నాళ్ళూ మా అన్న కోలుకోడు.

మధ్యాహ్నం అన్న నిద్రపోతుండగా ఒట్టు తప్పాను. రెండు కాళ్ళూ గడప దాటాయి. పుస్తకం తీసుకొని పెరట్లో ఒక మూలకు పోయాను. అమ్మ కుంకుమ భరిణెలోంచి చిటికెడు తీసి, ఆముదం చుక్కతో రంగరించి, చీపురుపుల్ల కొసతో అద్దాను. దుకాణంలోంచి మంచి పెట్టె ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్నాను, మంట ఆకారం తప్పకుండా. చేయి వణకకుండా ఊపిరి బిగబట్టాను. అంత శ్రద్ధగా నేను ఆ తర్వాత నా పెళ్ళిలో ముగ్గు కూడా వేయలేదు. పని అయ్యాక చూస్తే దీపం నిజంగానే వెలుగుతోంది. ఆరేదాకా నోటితో ఊది, పుస్తకం యథాస్థానంలో పెట్టేశాను.

మీరు నమ్మరు, మరునాటి నుంచి అన్నకు జ్వరం తగ్గింది. నాలుగు రోజులు ఒళ్ళు చల్లగా ఉంది, అన్నం కలుపుకొని తిన్నాడు. కొత్త సూదిమందు పనిచేస్తోందని నాయన అన్నాడు. నేను మనసులో నవ్వుకున్నాను. నిజం చెప్పాలని నాలుక దాకా వచ్చేది, చెబితే పని చెడుతుందేమోనని మింగేసేదాన్ని. నా బతుకులో అంత గర్వంగా ఉన్న రోజులు అవే.

అయిదో రోజు గిద్దలూరు గుమాస్తా వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగుతో ఉన్నాడు. వసారాలోకి తిన్నగా వచ్చి మంచం పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోలేదు. అన్న ఆ ఉదయమే తల దువ్వమని, ఉతికిన చొక్కా ఇమ్మని అమ్మను అడిగి తయారుగా ఉన్నాడు. నాయన దుకాణంలో బేరం ఆపి వచ్చి పెరట్లో నిలబడ్డాడు, ఆయన వెంట బజారు మనుషులు ఇద్దరు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకొని గడపలో ఉన్నాను. ఇప్పుడు అన్న పుస్తకం తెరుస్తాడు, వెలిగిన దీపం చూస్తాడు, ఆశ్చర్యపోతాడు అనుకుంటున్నాను. అంత తెలివి నాది.

అన్న పేజీ తిప్పాడు. చూశాడు. బొటనవేలితో మంట మీద మెల్లగా రాశాడు, వేలు చూసుకున్నాడు, పిడికిలి మూశాడు. అప్పుడు తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉండుంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్ని.

"నేనే పొరపాటు పడినాను సార్" అన్నాడు. "ఎరుపు ఉంది. జ్వరంలో సరిగ్గా చూడలేదు."

గుమాస్తా బొమ్మను దగ్గరికి తీసుకొని చూశాడు. తర్వాత అన్న ముఖం, తర్వాత నన్ను. జ్వరంలో కళ్ళు మసకేస్తాయి లెండి అని, మాట మార్చి రెండు తలల కోడి గురించి అడిగాడు. అన్న జవాబులు చెప్పాడు గానీ మాటలో ఉసురు లేదు. పెరట్లో ఉన్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆ మాట బజారంతా పాకి ఉంటుంది. గుమాస్తా కూడా బండికి టైమైందని లేచాడు. మజ్జిగ సగం తాగి గ్లాసు నా చేతికే ఇచ్చాడు.

అందరూ పోయాక అన్న పిడికిలి విప్పాడు. వేలికి ఎర్రగా ఉంది.

"కుంకుమనా?" అన్నాడు.

నేను తల ఊపాను. ఎందుకు పెట్టావని అడిగితే, దీపం కొండెక్కి ఉంటే నువ్వు కూడా అని మొదలుపెట్టి, పూర్తి చేయలేక ఏడ్చాను. అన్న నన్ను తిట్టలేదు. మంట బాగానే పెట్టినావులే అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడి వీపు కదులుతుంటే దగ్గుతున్నాడనుకున్నాను. దగ్గు వినిపించలేదు.

ఆ తర్వాత వాడు ఎవరినీ అగ్గిపెట్టెలు అడగలేదు. గని అక్క తెచ్చినవి దిండు పక్కన అలాగే ఉండేవి. పోస్టుమాన్ వచ్చే వేళకు మాత్రం, ఏమైనా వచ్చిందా అని అడిగేవాడు. గిద్దలూరు నుంచి కార్డు రాలేదు. నెల గడిచింది. జ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి వదల్లేదు. ఉగాదికి పచ్చడి నాకిచ్చాడు, తనకు రుచి తెలియడం లేదని. పది రోజులకు పోయాడు. పద్దెనిమిదేళ్ళు నిండలేదు.

జబ్బు ఇంకొకరికి అంటుతుందని వాడి పరుపు, దిండు, చొక్కాలు, చదువుకున్న పుస్తకాలు అన్నీ ఊరి బయట తగలబెట్టారు. బొమ్మల పుస్తకం కూడా అందులో పోయిందనే నేను అనుకున్నాను. పలకలు రెండూ మిగిలాయి, రాయి కాలదు కదా. అమ్మ వాటిని కడిగి చింతపండు మీద బరువుకు పెట్టుకుంది. నేను వాటి వైపు చూడలేకపోయేదాన్ని. అన్నను నేనే ఊళ్ళో అబద్ధాలకోరును చేశానని ఎవరితో చెప్పను. అమ్మతో చెబితే, పోనీ మంట పెట్టింది కదా అని నన్ను దగ్గరకు తీసుకునేదేమో. అది నాకు ఇంకా భరించరానిది. చెప్పలేదు.

పదేళ్ళ తర్వాత నా పెళ్ళయింది. అత్తగారిది గిద్దలూరే. వచ్చిన నెలలోనే ఒక పనిమీద స్టేషనుకు పోతే, టికెట్ల కిటికీలో ఆయనే ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఎవరి కూతురినో చెప్పగానే కిటికీ పక్కవాడికి అప్పగించి బయటికి వచ్చి, వెనక క్వార్టర్సులో తమ ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన మంచం కిందినుంచి ట్రంకు పెట్టె లాగి, అన్న కుట్టిన అట్టల పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టాడు. పోయే ముందు వారం అన్న ఒట్టు పెట్టించుకొని నాయన చేతికిచ్చాడట, వాడు పోయాక నాయన తెచ్చి ఈయనకు అప్పగించాడట. మా ఇంట్లో ఉంటే కాల్చేస్తారని వాడికి తెలుసు. అమ్మ భయపడుతుందని నాయన ఎవరికీ చెప్పలేదు.

పుస్తకం తెరవకముందే చెప్పేశాను.

"ఆ పొద్దు తప్పు మా అన్నది కాదు సార్. నేను కుంకుమ పెట్టినాను."

"తెలుసు తల్లీ. అచ్చు ఎరుపు వేలికి అంటదు. మీ అన్న పిడికిలి మూయడం నేను చూసినాను, గడపలో నువ్వు వణకడమూ చూసినాను."

"మీకు తెలుసని మా అన్నకు చెప్పినారా?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"లేదమ్మా. అంతమందిలో నిన్ను దాచుకుంటున్నాడు కదా, నేను బయట పెట్టేది ఎట్ల? కార్డు రాద్దామని తీసినాను. రాస్తే దుకాణంలో అందరూ చదువుతారు, పసిదాని మీద పడతారు అని ఆగినాను. కవరులో పెట్టి రాయచ్చునని ఆ పొద్దు నాకు తోచలేదు. మళ్ళా వచ్చి చెవిలో చెప్దామనుకున్నా. సెలవు దొరికేలోగా ఈ పుస్తకం వచ్చింది."

దీపం ఉన్న పేజీ తీశాను. కుంకుమ నల్లబడి ఇటుకరంగుకు తిరిగింది, ఆముదం మరక చుట్టూ పాకింది. మూలలు ఊడదీసి వెనక్కి తిప్పాను. అన్న రాత. ఎక్కడిది: తర్లుపాడు గని. ఎవరిచ్చారు: అక్క. తప్పు: ఎరుపు పడలేదు. ఆ చివరి ముక్క మీద ఒక అడ్డగీత ఉంది. దాని కింద, చేయి వణికినట్టున్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది.

"ఎరుపు మా చెల్లెలు పెట్టింది, నేను బతకాలని."

పుస్తకం ఆయన దగ్గరే ఉంచమని, ఆ ఒక్క బొమ్మ అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గర ఉంది. అన్న నన్ను క్షమించాడని దాన్ని చూసినప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉంటుంది. నన్ను కోసేది అది కాదు. వాడు అబద్ధమాడలేదని గిద్దలూరులో ఒక మనిషికి వచ్చి చూసిన రోజు నుంచీ తెలుసు. ఆ సంగతి వాడికి మాత్రం తెలియలేదు. తెలియకుండానే, రెండు నెలలు పోస్టుమాన్ కోసం చూసి చూసి పోయాడు.